కొండ కడుపులో దాచినవి

"అంత దూరం పోయి చూసేందుకు అక్కడేముందండీ?" ఉత్తర ధ్రువం వైపు ఓడ ప్రయాణం అనగానే మనవాళ్లు మొదట అడిగే మాట ఇదే. అడగాల్సిన మాటే. స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యర్‌బియన్ రేవులో ఓడ ఆగితే ఎదురుగా కనిపించేది నల్లటి కొండలు, వాటి మధ్య ఒక లోయ, లోయలో రంగురంగుల చెక్క ఇళ్లు. గోపురం లేదు, కోట లేదు, చెట్టన్నది అసలే లేదు. ఓడ నిలిచేది కొన్ని గంటలు. ఆ కాస్త సమయంలో ఏం చూడాలి?

నేను చెప్పేది ఒకటే. అక్కడొక కొండ ఉంది. దానిలోంచి మనిషి ఏం తీశాడో చూడండి, ఇప్పుడు దానిలో ఏం పెడుతున్నాడో చూడండి. తీసింది బొగ్గు, పెడుతున్నది విత్తనాలు. ఒకే కొండ వాలు మీద ఈ రెండు పనుల గుర్తులూ పక్కపక్కన కనిపిస్తాయి. మంచుకొండలూ ధ్రువపు ఎలుగుబంట్లూ ఫొటోల్లో ఎప్పుడూ చూస్తూనే ఉంటాం. ఈ రెండు తలుపులను ఒకే పూటలో చూసి, మధ్యలో నిలబడి ఆలోచించే అవకాశం మాత్రం ఈ రేవులోనే దొరుకుతుంది.

ముందు ఆ చోటు ఎక్కడుందో చెప్పాలి. స్వాల్‌బార్డ్ నార్వే ఏలుబడిలోని దీవుల గుంపు. నార్వే ఉత్తరపు కొనకూ ధ్రువానికీ ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద దీవి స్పిట్స్‌బర్గెన్. దాని పడమటి ఒడ్డున సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చి ఇస్‌ఫియోర్డ్ అనే పెద్ద పాయగా మారుతుంది. ఆ పాయకు చిన్న కొమ్మ అడ్వెంట్‌ఫియోర్డ్. దాని ఒడ్డునే లాంగ్‌యర్‌బియన్. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఇక్కణ్ణుంచి ధ్రువం దాదాపు 1,300 కిలోమీటర్లు. ఊళ్లో జనం 2,500 దాకా ఉంటారు. ఇంత ఉత్తరాన ఇంతమంది కాపురముండే ఊరు భూమ్మీద మరొకటి లేదు. దక్షిణం నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం ఈ పడమటి తీరాన్ని తాకుతుంది కాబట్టే వేసవిలో ఓడలు సులువుగా లోపలికి రాగలుగుతున్నాయి.

ఈ దీవులకు మూలవాసులంటూ ఎవరూ లేరు. 1596లో డచ్ నావికుడు విల్లెమ్ బారెంట్స్ బృందం వీటిని చూసింది. ఆ తర్వాతి శతాబ్దంలో తిమింగలాల వేటగాళ్లు గుంపులుగా వచ్చారు. బోహెడ్ తిమింగలాలను దాదాపు తుడిచిపెట్టేదాకా వేటాడారు. వాల్రస్‌లు, రెయిన్‌డీర్లు, నక్కలు, ఎలుగుబంట్లు ఒకదాని తర్వాత ఒకటి వేటకు బలయ్యాయి. 1906లో అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగ్‌యర్ బొగ్గు గని తెరిచాడు. ఊరికి ఆయన పేరే స్థిరపడింది. పదేళ్లకు ఆ గనులను నార్వే కంపెనీ కొనుక్కుంది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఇక్కణ్ణుంచి ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వచ్చారు. మూడు వందల ఏళ్లకు పైగా ఈ దీవుల చరిత్ర అంతా అదే.

1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఒక ఒప్పందం జరిగింది. స్వాల్‌బార్డ్ మీద అధికారం నార్వేది. కానీ సంతకం చేసిన దేశాల పౌరులు ఎవరైనా అక్కడ ఉండవచ్చు, పని చేసుకోవచ్చు, వ్యాపారం పెట్టుకోవచ్చు. యుద్ధ అవసరాలకు మాత్రం ఆ నేలను వాడకూడదు. మొదటి సంతకాల్లో భారతదేశం పేరు కూడా ఉంది. అప్పటికి మనం బ్రిటిష్ పాలనలో ఉన్నా, ఆ హక్కు ఇవాళ మనదే. అక్కడ ఉండటానికి వీసా కూడా అడగరు. అయితే దారి నార్వే మీదుగా కాబట్టి షెంగెన్ వీసా కావాలి. స్వాల్‌బార్డ్ షెంగెన్ బయట ఉంటుంది. అక్కడికి వెళ్లి తిరిగి నార్వేలో అడుగుపెడితే రెండోసారి ప్రవేశించినట్టే లెక్క. ఒక్క ప్రవేశానికే చెల్లే వీసాతో బయల్దేరితే తిరుగు దారిలో చిక్కు తప్పదు. వెళ్లాలనుకునే వాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

నేను వెళ్లింది జులైలో. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. రాత్రి పన్నెండింటికి కూడా ఎండ కొండల మీద పడుతూనే ఉంటుంది. పడుకోవాలంటే కిటికీలకు మందపాటి తెరలు దించుకోవాలి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్యదాకా సూర్యుడు పైకే రాడు. ఆ తర్వాత కూడా చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊరి మీద తొలి ఎండ పడేసరికి మార్చి 8 అవుతుంది. ఆ రోజు జనమంతా పాత ఆసుపత్రి మెట్ల దగ్గర చేరి ఎండ కోసం ఎదురుచూస్తారు. పిల్లలు సూర్యుణ్ణి కేకేసి పిలుస్తారు. ఆ ఆసుపత్రి భవనం ఇప్పుడు లేదు. మెట్లను మాత్రం ఊరివాళ్లు నిలుపుకున్నారు. వారం రోజులు పండగ చేసుకుంటారు.

రేవు నుంచి ఊళ్లోకి నడిస్తే అరగంట. ఆ నడక మానొద్దు. బస్సు ఎక్కితే పోయేదంతా అందులోనే ఉంది. దారి పక్కన గుట్టల వాలు మీద పెద్ద పెద్ద చెక్క గుంజలు వరసగా కనిపిస్తాయి. గనుల నుంచి రేవుకు బొగ్గు తొట్లను తీగల మీద నడిపిన రోజుల్లో వేసినవి. వాటిని ఎవరూ పీకరు, రంగు వేయరు. 1946కు ముందు మనిషి చేసిన ఏ గుర్తయినా స్వాల్‌బార్డ్‌లో చట్టం కాపాడే వారసత్వం. కూలిన గుడిసె, తుప్పుపట్టిన పీపా, విరిగిన స్లెడ్జి బండి, వేటగాళ్లు వదిలేసిన ఎముకల కుప్ప, దేన్నీ కదపకూడదు. మన ఊళ్లలో వందల ఏళ్ల రాతి మండపాలకే దిక్కు లేదు. అక్కడ ఒక మేకును కూడా జేబులో వేసుకోనివ్వరు. మొదట ఇది చాదస్తంగా అనిపించింది. నాలుగడుగులు వేశాక అర్థమైంది. చెట్టూ చేమా పెరిగి కప్పెయ్యని నేల మీద ప్రతి గుర్తూ బయటే ఉంటుంది. ఎవరో ఒకరు పట్టుకుపోతే ఆ చోట చరిత్ర అంతటితో సరి.

జులైలో ఆ దారి మీద ఇంకో సంగతి ఉంటుంది. ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్రపు పిట్ట రోడ్డు పక్క కంకరలోనే గుడ్లు పెడుతుంది. పిడికెడంత పిట్ట. శీతాకాలానికి అంటార్కిటికా దాకా ఎగిరిపోయి మళ్లీ ఇక్కడికే వస్తుంది. గుడ్ల దగ్గరికి మనిషి వస్తే ఊరుకోదు. నా నెత్తి మీదికి దూసుకొచ్చి, ఎర్రటి ముక్కు తెరిచి కిచకిచమంటూ, జుట్టు తగిలేంత కిందికి దిగి మళ్లీ పైకి లేచింది. స్థానికులు చెప్పినట్టు చేతికర్రను తలకన్నా ఎత్తుగా పట్టుకున్నాను. అది ఆ కర్ర కొసనే పొడిచింది. రోడ్డు అవతలి అంచుకు జరిగి నడిచాను. అంత చిన్న ప్రాణి తన గుడ్ల కోసం తనకన్నా వందల రెట్ల బరువున్న జంతువుతో తలపడుతుంటే, పక్కకు తప్పుకోవడమే మర్యాద.

ఊరి బయట అడ్వెంట్‌డాలెన్ లోయలో స్లెడ్జి కుక్కల దొడ్లు ఉన్నాయి. మంచు లేని కాలంలో కుక్కలకు చక్రాల బండ్లు కట్టి యాత్రికులను తిప్పుతారు. ఆ బండి ఎక్కినా ఎక్కకపోయినా దొడ్ల చుట్టుపక్కల నేలను చూడాలి. ఐడర్ బాతులు అక్కడే గుంపులుగా గూళ్లు కడతాయి. కుక్కలుంటే నక్కలు దగ్గరికి రావని వాటికి తెలుసు. గొలుసు కట్టిన కుక్కకు అందనంత దూరంలో, నక్క రావడానికి జంకేంత దగ్గరలో, సరిగ్గా ఆ కొలతలో బాతు కూర్చుని ఉంటుంది. ఊరి వీధుల్లో పొట్టి కాళ్ల రెయిన్‌డీర్లు ఇళ్ల మధ్య గడ్డి కొరుకుతూ తిరుగుతుంటాయి. వేటకు అయిపోవచ్చిన ఈ జాతిని 1925 నుంచి చట్టం కాపాడుతోంది. పిట్టలకు ముప్పని ఊళ్లో పిల్లుల్ని పెంచనివ్వరు.

ఊరి చివర ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక పలక ఉంటుంది. ఈ హెచ్చరిక స్వాల్‌బార్డ్ అంతటికీ వర్తిస్తుందని దాని మీద రాసి ఉంటుంది. పలక దాటి ఒంటరిగా పోవడం క్షేమం కాదు. తుపాకీ పట్టుకున్న గైడ్ వెంట ఉండాలి. 1973 నుంచి ధ్రువపు ఎలుగుబంటిని వేటాడటం నిషేధం. దాన్ని వెంబడించినా, కవ్వించినా నేరమే. 2025 నుంచి నిబంధన ఇంకా బిగించారు. ఎలుగుకు కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. మార్చి నుంచి జూన్ చివరిదాకా 500 మీటర్లు. రక్షిత ప్రాంతాలకు వెళ్లే ఓడలో 200 మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. అక్కడ నిర్ణయించిన కొన్ని చోట్ల మాత్రమే ఒడ్డున దిగాలి. డబ్బు పెట్టి వచ్చాం, దగ్గరి నుంచి చూపించరా అని అడిగేవాళ్లు ఉంటారు. ఎలుగు మనల్ని చూసి పారిపోయిందంటే, సీల్ వేట కోసం అది దాచుకున్న ఒంట్లోని కొవ్వును మన ఫొటో కోసం ఖర్చు చేయించినట్టు. దూరం నుంచి దుర్భిణిలో చూసి తృప్తిపడటమే న్యాయం.

ఇక మ్యూజియం. తలుపు దగ్గరే చెప్పులు, బూట్లు విప్పాలి. హోటళ్లలోనూ అంతే. గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లు బొగ్గు మసి ఇళ్లలోకి రాకుండా వాకిట్లోనే బూట్లు వదిలేవారు. మసి పోయినా అలవాటు మిగిలింది. తెలుగువాళ్లకు గడప దగ్గర చెప్పులు విడవడం కొత్త కాదు కాబట్టి నాకు సొంత ఇంట్లోకి వెళ్లినట్టే ఉంది. మేజోళ్లతో నడుస్తూ తిమింగలాల వేట నుంచి గనుల దాకా కథంతా చూడవచ్చు. ఆ భవనంలోనే యూనిస్ అనే విశ్వవిద్యాలయ కేంద్రం ఉంది. 1993 నుంచి నడుస్తోంది. హిమానీనదాల మీద, సముద్రం మీద, ధ్రువ కాంతి మీద అక్కడ చదువులు సాగుతాయి. ఊళ్లో ఇంకో చిన్న మ్యూజియం ధ్రువయాత్రల కథ చెబుతుంది. 1926లో నార్వే ధ్రువయాత్రికుడు అముండ్‌సెన్, ఇటలీ ఇంజినీరు నోబిలే కలిసి నార్గె అనే గాలి ఓడ మీద ఈ దీవుల నుంచే ధ్రువం దాటి అలాస్కా చేరారు. రెండేళ్లకు నోబిలే మరో గాలి ఓడ ఇటాలియా మంచు మీద కూలింది. అతణ్ణి వెతకడానికి విమానంలో బయల్దేరిన అముండ్‌సెన్ మళ్లీ కనిపించలేదు. ఇద్దరి మధ్యా అప్పటికే మాటలు లేవు. అయినా వెళ్లాడు. ఆ ఒక్క సంగతి కోసమైనా ఆ మ్యూజియంలో కాసేపు నిలబడాలి.

ఇప్పుడు కొండ సంగతికి వస్తాను. విమానాశ్రయం పైనున్న ప్లాటోబెర్గెట్ కొండలో 3వ నంబరు గని ఉంది. 1996లో మూసేశారు. ఇప్పుడు యాత్రికులకు చూపిస్తున్నారు. దుస్తుల మీద దుస్తులు తొడిగి, టోపీ, దీపం పెట్టి లోపలికి తీసుకెళతారు. బొగ్గు పొర సన్నం. మనిషి నిలబడటానికి లేదు, కూర్చోవడానికీ లేదు. పక్కకు ఒరిగి పడుకుని, మోచేతుల మీద పాకుతూ తవ్వారు. నేనూ పాకి చూశాను. భుజం పైన రాయి, కింద రాయి. మూతి దగ్గర మట్టి వాసన. దీపం ఆర్పమన్నారు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. బయట దాదాపు నాలుగు నెలలు ఎండ, నాలుగు నెలలు చీకటి. లోపల ఏడాదంతా ఇదే. ఆ చీకట్లో జీవితాలు వెళ్లబుచ్చిన వాళ్లున్నారు. ఉత్తరాన నీ-ఓలెసుండ్‌లో 1962లో జరిగిన ప్రమాదంలో 21 మంది గని పనివాళ్లు చనిపోయారు. ఆ వ్యవహారం నార్వేలో ప్రభుత్వాన్నే పడగొట్టింది. సింగరేణి, రామగుండం, కొత్తగూడెం తెలిసిన తెలుగువాడికి ఈ గని ఎవరో పరాయివాళ్లదిగా అనిపించదు.

ఊరి వెనక హిమానీనదం కరిగి వదిలిన రాళ్ల గుట్టల్లో ఆకుల శిలాజాలు దొరుకుతాయి. గైడ్ వెంట ఎక్కి, సుత్తితో పలక రాయిని మెల్లగా తట్టాను. రాయి పుస్తకంలా రెండుగా విచ్చుకుంది. లోపల ఆకు. నడి ఈనె, దాని నుంచి రెండు వైపులా చీలిన సన్నని ఈనెలు, అంచున పంటి నొక్కులు, అన్నీ ఉన్నాయి. అయిదారు కోట్ల ఏళ్ల కిందటి ఆకు అది. అప్పుడు ఈ నేల మీద వెడల్పాటి ఆకుల చెట్లతో తడి అడవులు ఉండేవి. ఇవాళ ఇక్కడ చెట్టు అనదగినది ముఖ్యంగా ధ్రువపు విల్లో. అది నేలనంటుకుని, వేలెడు ఎత్తు కూడా లేకుండా పాకుతుంది. ఆ పాత అడవులే నేలలో అణగి బొగ్గయ్యాయి. ఆ ఆకులు కోట్ల ఏళ్ల నాటి ఎండను, గాలిలోంచి పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును తమతోపాటు కొండలో దాచిపెట్టాయి. మనిషి వచ్చి నూరేళ్లలో తవ్వి కాల్చేశాడు.

అదే కొండ వాలు మీద, 3వ నంబరు గనికి కాస్త పక్కగా, కొండలోంచి పొడుచుకొచ్చిన ఇరుకైన కాంక్రీటు గోడ కనిపిస్తుంది. అదే ప్రపంచ విత్తన నిధి ద్వారం. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. దాని నెత్తిన, నొసట అద్దపు ముక్కలు పొదిగిన ఒక కళాఖండం ఉంది. వేసవిలో ఎండకు మెరుస్తుంది, చీకటి నెలల్లో దీపాలతో వెలుగుతుంది. లోపలికి సొరంగం కొండలోకి వంద మీటర్లకు పైగా పోతుంది. చివర మూడు గదులు. నేల సహజంగానే గడ్డకట్టి ఉంటుంది. దానికి తోడు యంత్రాలతో మైనస్ 18 డిగ్రీలకు చల్లబరుస్తారు. 45 లక్షల రకాల విత్తన నమూనాలు పట్టే చోటు. ఇప్పటికి 13 లక్షలకు పైగా చేరాయి. ఎవరు పెట్టిన పెట్టె వాళ్లదే. వేరొకరు ముట్టరు, తెరవరు. దాచినందుకు రుసుము లేదు.

యాత్రికులను లోపలికి పోనివ్వరు. మాతో వచ్చిన గుంటూరు పెద్దాయన ఒకరు తలుపు చూసి, "ఇంత దూరం వచ్చింది ఈ తలుపు చూట్టానికా అండీ?" అన్నారు. "లోపల మన జొన్నలున్నాయి బాబాయి గారూ" అన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "మన జొన్నలా?" అని మళ్లీ అడిగి, కళ్లజోడు సవరించుకుని ఆ తలుపును కొత్తగా చూశారు.

నిజమే, మనవే. హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్, తన విత్తన నిధిలోని నమూనాల నకళ్లను లక్షకు పైగా ఈ కొండకు పంపింది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, శనగ, కంది, వేరుశనగ. మన మెట్ట రైతు తాతల నాటి నుంచి ఏరి, ఎంచి, నాటి, నిలుపుకుంటూ వచ్చిన రకాలు వాటిలో ఉన్నాయి. ఒక్క కరువును తట్టుకునే గుణమో, ఒక్క తెగులుకు లొంగని గుణమో ఎప్పటికైనా కావాలంటే ఆ గింజల్లోనే వెతకాలి. ఆ ఉత్తరపు కొన రాతి కడుపులో మన పాలమూరు, కర్నూలు, అనంతపురం చేల వంశం నిద్రపోతోంది. నేను చూసిన ఏ స్మారక కట్టడం దగ్గరా నాకు అంత గౌరవం కలగలేదు.

ఇది ఉత్త ముందుజాగ్రత్త అనుకోవడానికి లేదు. సిరియాలో అలెప్పో దగ్గర ఇకార్డా అనే సంస్థకు మెట్టపంటల విత్తన నిధి ఉండేది. యుద్ధం వచ్చి శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లలేని స్థితి ఏర్పడింది. 2015లో వాళ్లు స్వాల్‌బార్డ్‌లో తాము దాచుకున్న పెట్టెలను వెనక్కి తీసుకున్నారు. మొరాకోలో, లెబనాన్‌లో ఆ గింజలను నాటి, పెంచి, కొత్త గింజలు కట్టుకుని, 2017 నుంచి మళ్లీ ఆ కొండకు పంపారు. నిధి తెరిచి పదేళ్లు కాకముందే దాని అవసరం పడింది. ఆ అవసరం తెచ్చింది వరదో ఉల్కో కాదు, మనుషుల యుద్ధం.

అసలు ఈ ఆలోచన పుట్టింది కూడా ఆ గనిలోనే. 1984లో నార్డిక్ దేశాలు తమ విత్తనాల నకళ్లను మొదట 3వ నంబరు గనిలోనే దాచాయి. బొగ్గు తీసిన చోట విత్తనం పెట్టారు. తర్వాత కట్టిన నిధిని చల్లబరిచే యంత్రాలకు కరెంటు చాలాకాలం ఊరి బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచే వచ్చింది. 2023లో ఆ కేంద్రాన్ని ఆపి డీజిల్‌కు మారారు. 2025 వేసవిలో ఊరి పక్కన మిగిలిన చివరి గని, 7వ నంబరు కూడా మూతపడింది. బొగ్గు కోసం పుట్టిన ఊరు నూట ఇరవై ఏళ్లలోపే బొగ్గుకు సెలవిచ్చింది.

ఇందులో బాధ కలిగించే ముడి ఒకటుంది. కొండలోంచి తీసి కాల్చిన బొగ్గు, ప్రపంచమంతా కాల్చిన బొగ్గుతో కలిసి, ఇప్పుడు ఆ కొండనే వెచ్చబరుస్తోంది. ఆర్కిటిక్ అంతా భూమి సగటు కన్నా కొన్ని రెట్లు వేగంగా వేడెక్కుతోంది. అందులోనూ స్వాల్‌బార్డ్ ముందువరసలో ఉంది. 2016 అక్టోబరులో అకాల వానకు నీళ్లు నిధి సొరంగంలోకి వచ్చి గడ్డకట్టాయి. విత్తనాలకు ఏమీ కాలేదు. అయినా ద్వారాన్ని మళ్లీ కట్టి, నీరు రాకుండా చేయడానికి 2019దాకా పట్టింది. ఎన్నటికీ కరగదనుకున్న నేలను నమ్మి కట్టిన తలుపు అది. 2015 డిసెంబరులో కొండ మీది మంచు ఊరి మీదికి జారి ఇద్దరు చనిపోయారు, ఇళ్లు కొట్టుకుపోయాయి. ఇప్పుడు కొండ వాలు నిండా మంచును ఆపే ఇనుప కంచెలు కనిపిస్తాయి. నేల మెత్తబడి ఇళ్ల కింది గుంజలు కదులుతున్నాయి. మనం అక్కడికి వెళ్లే ఓడ పొగ కూడా ఈ లెక్కలోదే. 2022 నుంచి ఆ సముద్రంలో చిక్కటి భారీ ఇంధన నూనెతో నడిచే ఓడలను రానివ్వడం లేదు. మంచి పని, ఇంకా ముందే జరగాల్సిన పని.

సమయం ఎక్కువుంటే చిన్న ఓడలో ఉత్తరానికి, నీ-ఓలెసుండ్‌కు వెళ్లవచ్చు. పాత గని ఊరే ఇప్పుడు పరిశోధన కేంద్రమైంది. అనేక దేశాల కేంద్రాల మధ్య 2008లో తెరిచిన మన హిమాద్రి ఉంది. అక్కడి ఫియోర్డ్ నీటి అడుగున 2014 నుంచి మన పరికరాలు నీటి వేడిమినీ, ఉప్పదనాన్నీ కొలుస్తున్నాయి. ఆర్కిటిక్ మంచుకూ మన నైరుతి రుతుపవనాలకూ ఉన్న లంకె తెలుసుకోవడం ఆ పరిశోధనల లక్ష్యాల్లో ఒకటి. ఆ ఊళ్లో ఫోన్లలో వైఫై, బ్లూటూత్ ఆపేయాలి. అక్కడి సున్నితమైన యాంటెన్నాలకు అవి అడ్డు. ఇక లాంగ్‌యర్‌బియన్ ఉన్న ఇస్‌ఫియోర్డ్‌లోనే పిరమిడెన్ అనే పాత సోవియట్ గని ఊరు 1998 నుంచి దాదాపు ఖాళీగా ఉంది. ఎదురుగా నోర్డెన్‌షోల్డ్ హిమానీనదం నీలంగా నీళ్లలోకి దిగుతూ కనిపిస్తుంది. ఆ మంచు గోడకు ఎదురుగా పడవ ఇంజను ఆపి కాసేపు వినండి. లోపల చిక్కుకున్న పాత గాలి బుడగలు కరిగే మంచులోంచి చిటపటమంటూ బయటికి వస్తుంటాయి.

నా ఆలోచన మాత్రం ఆ విత్తనాల దగ్గరే ఆగింది. మా ఇళ్లల్లో ముందు తరం ఆడవాళ్లు మంచి కంకులను ఏరి, ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి, విత్తనపు కుండల్లో పోసి, మూతికి పేడమట్టి మెత్తేవారు. స్వాల్‌బార్డ్ కొండ ఆ కుండే. తేడా ఒక్కటుంది. ఆ కుండను ఏటా తొలకరికి తెరిచేవారు. గింజ నేలలో పడి, ఎండకూ వానకూ తెగులుకూ ఎదురు నిలిచి, కొంత మారి, మళ్లీ కుండలోకి వచ్చేది. కొండలోని గింజకు ఆ అవకాశం లేదు. దాచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చుట్టూ వాతావరణం మారిపోతుంది. మారిన ఎండల్లో ఎలా బతకాలో గింజ నేర్చుకోవాలంటే చేనులో ఉండాలి. ఆ కొండ మంచి నకలు. అసలు మాత్రం రైతు చేతిలో ఉండాలి.

జహీరాబాద్ పల్లెల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఇప్పటికీ ఒక్క చేనులో పది, ఇరవై రకాల పంటలు కలిపి వేస్తారు. విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతారు. ఆ కొండ తలుపు చూసి వచ్చాక ఆ బండ్ల విలువ నాకు ఇంకా బాగా తెలిసింది. రెండూ ఒకే పనికి రెండు చివరలు. ఒకటి పోయినప్పుడు తిరిగి ఇచ్చేది, రెండోది పోకుండా చూసేది.

కాబట్టి ఎవరైనా ఆ ఉత్తరపు రేవుకు వెళుతుంటే నా మనవి ఇది. ఓడ దిగగానే బస్సెక్కకండి, నడవండి. గనిలోకి పాకి చూడండి. రాతిలో ఆకును చూసి అక్కడే వదిలేసి రండి. విత్తన నిధి తలుపు ముందు కాసేపు నిలబడి, మన జొన్న లోపల ఉందని గుర్తు చేసుకోండి. పక్షి దగ్గరికీ, ఎలుగు దగ్గరికీ పోవద్దు. వెళ్లలేని వాళ్లు బెంగపడక్కర్లేదు. వచ్చే సంక్రాంతికి జహీరాబాద్ పాత పంటల జాతరకు వెళ్లండి. జొన్నో, కొర్రో, రాగో వారానికి కొన్ని పూటలైనా కంచంలోకి తెచ్చుకోండి. తినేవాళ్లుంటేనే పండించేవాళ్లుంటారు, పండించేవాళ్లుంటేనే విత్తనం బతుకుతుంది.